వీణ పేరుతో వెళ్లిన ఎయిర్ రైఫిల్

విజయనగరం జిల్లాలో, బొబ్బిలికి దగ్గర్లో ఉన్న ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయనకు 34 ఏళ్లు. ఆరేళ్లుగా ఒక కొరియర్ కంపెనీ ఫ్రాంచైజీ కౌంటర్ నడుపుతున్నారు. పేరు, ఊరు, కంపెనీ ఏవీ వేయొద్దన్నారు, వేయడం లేదు. తొమ్మిది పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

కౌంటర్ పెట్టుకోవడానికి ఈయనకు రెండు లక్షలు ఇచ్చింది బావగారు, అంటే అప్ప (అక్క) భర్త. నోటు లేదు, వడ్డీ లేదు. ఇప్పటికి లక్షా పదివేలు తీర్చారు. ఆ బావగారి అబ్బాయికి 19 ఏళ్లు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆట నేర్చుకుంటున్నాడు. విశాఖలో ఆట మానేసిన ఒక సీనియర్ దగ్గర బావగారు సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొన్నారు. నెల రోజుల్లో పోటీలు, ఆలోగా అది హైదరాబాద్ చేరాలి. పెట్టెతో సహా తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "ఏటయిపోతాదిరా, గాలి తుపాకీయే గదా. నీ చేతిలో పనే గదా" అన్నారు.

కంపెనీ పంపకూడదన్న వస్తువుల జాబితాలో ఆయుధాలు, ఆయుధాల్లా కనిపించే వస్తువులు ఉన్నాయని ఈయనకు తెలుసు. ఆ జాబితా ఈయన కుర్చీ వెనక గోడకే అతికించి ఉంది. అయినా కాదనలేకపోయారు. వీణలు చేసేవాళ్లు నెలకు పది పన్నెండు వీణలు ఈ కౌంటర్ నుంచే బయటి ఊళ్లకు పంపుతారు. రైఫిల్ పెట్టె కూడా ఇంచుమించు అంతే పొడవు. 'సంగీత వాద్యం, వీణ' అని రాసి, తొందరగా చేరాలని ఎయిర్‌లో బుక్ చేశారు.

విశాఖ ఎయిర్‌పోర్టులో స్కానింగ్ దగ్గరే పార్సిల్ ఆగిపోయింది. వారం తిరిగేసరికి కంపెనీ నుంచి మెయిల్. తప్పుడు వివరాలతో నిషేధిత వస్తువు బుక్ చేసినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేదంటే ఫ్రాంచైజీ రద్దు చేసి పోలీసులకు రాస్తాం అని. అప్పటినుంచి ఈ కౌంటర్ నుంచి వెళ్లే పొడవాటి పెట్టెలన్నీ హబ్‌లో, అంటే కంపెనీ పార్సిళ్లు వేరుచేసే చోట, విప్పి చూస్తున్నారు. వీణలు చేసే గొల్లపల్లి నుంచి వెళ్లిన ఒక వీణ బుర్ర పగిలి తిరిగొచ్చింది.

అప్ప ఫోన్ చేసి ఏడుస్తోంది. భార్య గాజులు తీసి బల్ల మీద పెట్టి, రేపే ఆ అప్పు తీర్చేయమంటోంది. బావగారు మాత్రం, కౌంటర్‌లో పనిచేసే కుర్రాడి మీదకి తోసేయమని నిబ్బరంగా ఒక దారి చూపించారు: "కుర్రాడు తెలీక రాసేశాడని చెప్పు. ఆ గుంటడిని ఓ నెల మానిపించి మళ్లీ పెట్టుకో." ఇది చాలదన్నట్టు, పక్క ఊళ్లో మామిడి తోట ఉన్న ఒకాయన ఆన్‌లైన్‌లో ఎయిర్‌గన్ తెప్పిస్తున్నానని, తన ఇంట్లో తెలియకూడదు కాబట్టి కౌంటర్ అడ్రస్ ఇచ్చానని చెప్పి వెళ్లారట.

ఆయన అడిగినవి ఇవి. తుపాకీకి లైసెన్స్ లేదు, నేను జైలుకెళ్తానా? బావని కాపాడాలా, కౌంటర్‌ని కాపాడుకోవాలా? రైఫిల్‌ని పిల్లాడికి ఏ దారిలో చేర్చాలి? పోస్టులో పంపుంటే ఈ గొడవ లేకపోవునా?

సమాధానం

బాబూ, నేను 34 ఏళ్లు తపాలా శాఖలో పనిచేశాను, అందులో చాలా భాగం కౌంటర్ మీదే. కొడవలిని గోనెలో చుట్టి 'బట్టలు' అని రాయించినవాళ్లని చూశాను. ఆవకాయ జాడీని 'పుస్తకాలు' అన్నవాళ్లని చూశాను, రెండో రోజుకి ఆ పుస్తకాలు నూనె కార్చుకుంటూ సంచిలో ఉన్న పెళ్లి శుభలేఖలన్నిటినీ పసుపు చేశాయి. కానీ తుపాకీని వీణ అనడం మాత్రం ఇదే మొదటిసారి వినడం. బొబ్బిలి దాన్ని కాబట్టి కొంచెం గుచ్చుకుంది కూడా. సరే, ముందు మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న చూద్దాం.

తుపాకీకి లైసెన్స్ లేదన్న భయం బహుశా మీకు అక్కర్లేదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నియమాలు ఎయిర్‌గన్‌లని రెండు రకాలుగా చూస్తాయి. గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, అంటే అంగుళాల లెక్కలో .177 మించకుండా, పెల్లెట్ (చిన్న గుండు) బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. ఈ రెండిట్లో ఏది దాటినా కావాలి. 10 మీటర్ల పోటీల్లో వాడేది 4.5 మిల్లీమీటర్ల రైఫిలే, ఇంకో సైజుకి అక్కడ చోటు లేదు. దాని శక్తి కూడా తక్కువ. అర గ్రాము పైచిలుకు బరువున్న సీసం పెల్లెట్ సెకనుకి 170 మీటర్ల వేగంతో వెళ్తే ఏడున్నర జౌల్స్ చిల్లర వస్తుంది. కాగితానికి చిల్లు పెట్టడానికి అది చాలు, అంతకన్నా ఆ ఆటకి అక్కర్లేదు.

నా మాట పట్టుకుని ఊరుకోకండి. పెల్లెట్ డబ్బా మీద 4.5 అని గానీ .177 అని గానీ ఉంటుంది, రైఫిల్ మీద మోడల్ పేరు ఉంటుంది. ఆ మోడల్ వివరాల కాగితం కంపెనీ సైట్ నుంచి ప్రింట్ తీయించండి. విశాఖలో అమ్మిన సీనియర్ దగ్గర తొలి బిల్లు కాపీ, 'ఫలానా వారికి ఫలానా తేదీన అమ్మాను' అని సంతకంతో ఒక కాగితం తీసుకోమని బావగారికి చెప్పండి. డబ్బు చేతికిచ్చి వస్తువు తెచ్చుకున్నారే తప్ప, అది తమదని చూపించే ముక్క ఒక్కటి కూడా మీ బావగారి దగ్గర లేదని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. రేపు ఎవరైనా అడిగితే మొదట అడిగేది అదే.

ఇక్కడిదాకా చదివి, లైసెన్స్ అక్కర్లేకపోతే తప్పేం లేదన్నమాట అని ఊపిరి పీల్చుకుంటారేమో. అలా కాదు. ఒక వస్తువు ఇంట్లో ఉంచుకోవచ్చా అన్నది ఒక ప్రశ్న, పార్సిల్‌లో పంపొచ్చా అన్నది వేరే ప్రశ్న. గ్యాస్ బండ ప్రతి ఇంట్లోనూ ఉంది, దాన్ని కొరియర్ చేస్తామా? లైసెన్స్ సంగతి ప్రభుత్వానిది. పార్సిల్‌లో ఏది తీసుకోవాలో ఏది తీసుకోకూడదో కంపెనీకి మీకు మధ్య ఒప్పందం. చాలా కొరియర్ సంస్థలు ఎయిర్‌గన్‌నే కాదు, తుపాకీలా కనిపించే బొమ్మని కూడా వద్దంటాయి. స్కానింగ్ తెర మీద గొట్టం, ట్రిగ్గర్ కనిపించగానే అక్కడున్న మనిషి బెల్టు ఆపాల్సిందే. అది ఆటవస్తువా కాదా అని తేల్చడం అతని పని కాదు.

అన్నిటికంటే నన్ను ఉలిక్కిపడేలా చేసింది మీ ఉత్తరం నాలుగో పేజీలో బ్రాకెట్లో పెట్టిన ఒక్క వాక్యం: 'సిలిండర్ దానికే బిగించి ఉంది, గాలి ఉందో లేదో చూడలేదు'. మీరు తుపాకీ అన్న మాటకి భయపడుతున్నారు. ఆ పెట్టెలో నిజంగా ప్రమాదం ఉంటే అది గొట్టంలో కాదు, ఆ సిలిండర్‌లో ఉంది. ఈ పోటీ రైఫిళ్ల సిలిండర్‌లో గాలిని 200 బార్ల దాకా నింపుతారు. మీ బండి టైరులో గాలి రెండు బార్ల చుట్టూ ఉంటుంది, అంటే దానికి వంద రెట్లు. ఇలా ఒత్తిడిలో ఉన్న వాయువుని విమాన రవాణా నిబంధనలు ప్రమాదకర వస్తువుల్లో లెక్కిస్తాయి. వాటికి మన దేశంలో 2003 నుంచి ప్రత్యేకంగా నియమాలున్నాయి. సిలిండర్ నిండా ఉందో ఖాళీగా ఉందో తెలియకుండా, వీణ అని రాసి, దాన్ని జనం ఎక్కే విమానం అడుగుకి పంపించబోయారు. ఏదో జరిగిపోయేదని బెదిరించడం లేదు. కంపెనీ మెయిల్ అంత కటువుగా ఎందుకుందో తెలుసుకోవడానికి చెప్తున్నాను.

ఇంకొకటి. ఆ సిలిండర్లకి వయసు ఉంటుంది. తయారీదార్లు సాధారణంగా పదేళ్లు ఇస్తారు, తయారైన నెల, సంవత్సరం దాని మీదే చెక్కి ఉంటాయి. సెకండ్‌హ్యాండ్ అన్నారు కాబట్టి చూడమనండి. గడువు దాటితే పోటీల్లో దాన్ని వాడనివ్వరు, ఇంత పరుగూ వృథా అవుతుంది.

పోస్టులో అయితే పోవునా అన్నారు. మా శాఖ మీద మీకున్న నమ్మకానికి సంతోషమే గానీ, పోదు. పేలేవి, ప్రమాదకరమైనవి, ఒరలేని పదును వస్తువులు పంపరాదని 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోనే ఉండేది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మొదట బట్టీ పట్టించినవాటిలో అదొకటి. ఆ చట్టం పోయి 2023 నాటి కొత్త చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోనూ దేశ భద్రత, ప్రజా భద్రత లాంటి కారణాలతో పార్సిల్‌ని ఆపే, విప్పే అధికారం ఉంది. పైగా దూరపు స్పీడ్‌పోస్టు కూడా విమానమే ఎక్కుతుంది, అదే స్కానింగ్ దాటాలి. 'లోపల ఏముందండీ' అని కౌంటర్లో అడిగేది మర్యాద కోసం కాదు. తపాలా సంచిలో వేసినంత మాత్రాన వస్తువు స్వభావం మారదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు నన్ను అడగని విషయం.

ఆరో పేజీలో రాశారు: 'పంపినవారి దగ్గర మా కుర్రాడి పేరు, ఆధార్ పడ్డాయి, సిస్టమ్‌లో వాడి వివరాలు సేవ్ అయి ఉంటాయి కాబట్టి'. పడ్డాయి, అన్నారు. వాన చినుకు పడినట్టు. పంపింది మీ బావగారు. బుక్ చేసింది మీరు. ఈ ఇద్దరి పేర్లూ కాగితం మీద లేవు. నెలకి తొమ్మిది వేలకి మీ దగ్గర పనిచేసే కుర్రాడి పేరు ఉంది. వ్యవహారం పోలీసుల దాకా వెళ్తే మొదటి ఫోన్ వెళ్లేది ఆ నంబర్‌కే. మీ బావగారు ఇచ్చిన సలహా నిబ్బరంగా ఉండడానికి కారణం ఇదే, ఆ అబ్బాయి పేరు ఇప్పటికే అక్కడ ఉంది. మీరు 'అవును' అంటే చాలు, అబద్ధం దానంతటదే నిలబడుతుంది.

మీరు చెడ్డవారని అనడం లేదు. చెడ్డవారైతే తొమ్మిది పేజీలు రాయరు. కానీ 'బావని కాపాడాలా, కౌంటర్‌ని కాపాడుకోవాలా' అని మీరు పెట్టిన తక్కెడలో మూడో మనిషి లేడు, అందుకే అది ఎటూ మొగ్గడం లేదు.

సంజాయిషీకి మీ ముందు మూడు దారులున్నాయనుకుంటాను. మొదటిది బావగారు చెప్పినది. కుర్రాడి మీదకి తోసేయడం. ఓ వారం తేలిగ్గా ఉంటుంది. ఆ తర్వాత కంపెనీవాళ్లు కౌంటర్ సీసీ కెమెరా రికార్డింగ్ అడుగుతారు, మీ లాగిన్‌తో బుక్ అయిందా అతని లాగిన్‌తోనా అని చూస్తారు. మీరు మీ లాగిన్‌తోనే చేశారని మీరే రాశారు. అప్పుడు ఒక తప్పుడు వివరం కాస్తా రెండవుతుంది. మొదటిది మొహమాటం కొద్దీ రాశానని చెప్పుకోవచ్చు, రెండోదానికి ఏం చెప్తారు? ఆ అబ్బాయి ఊరుకుంటాడన్న నమ్మకం కూడా పెట్టుకోకండి, ఊరుకోనక్కర్లేదు కూడా.

రెండోది, సగం నిజం. 'లోపల ఏముందో నాకు తెలియదు, కస్టమర్ వీణ అన్నాడు' అనడం. చాలామంది కౌంటర్లవాళ్లు పట్టుకునే కొమ్మ ఇది, కొన్నిసార్లు ఆగుతుంది కూడా. కానీ మీ విషయంలో ఆ కస్టమర్ మీ బావ, పార్సిల్ చేరాల్సింది మీ మేనల్లుడికి. అడ్రస్ చూస్తే అయిదు నిమిషాల్లో చుట్టరికం బయటపడుతుంది. పైగా పెట్టె చూడకుండా తీసుకున్నానని మీరే ఒప్పుకున్నట్టవుతుంది, ఫ్రాంచైజీ రద్దుకి అదొక్కటీ చాలు.

మూడోది, ఉన్నది ఉన్నట్టు రాయడం. బుక్ చేసింది నేను, వివరం తప్పని తెలిసే రాశాను, పంపినవారి పేరు కూడా సరైనది కాదు, ఆ ఉద్యోగికి సంబంధం లేదు, వస్తువు క్రీడా పోటీల్లో వాడే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్, యజమాని ఫలానా, బిల్లు, వివరాల కాగితం, అబ్బాయి పోటీ ఎంట్రీ జతచేస్తున్నాను, వస్తువుని యజమానికి అప్పగించే పద్ధతి చెప్పండి. ఇంతే, ఒక పేజీ. ఇలా రాస్తే ఫ్రాంచైజీ దక్కుతుందని నేను హామీ ఇవ్వలేను. జరిమానా వేయొచ్చు, కొన్నాళ్లు ఆపొచ్చు, పూర్తిగా తీసేయనూవచ్చు. ఆరేళ్ల సంపాదన పోతుందేమోనన్న భయం చిన్నది కాదు. కానీ రేపు పోలీసులు పిలిస్తే, వాళ్లకంటే ముందే మీరు చెప్పిన మాట ఒకటి తేదీతో సహా రికార్డులో ఉంటుంది. దాచినవాడిని చూసినట్టు, చెప్పినవాడిని చూడరు.

ఏ దారి ఎంచుకున్నా, సంతకం పెట్టేముందు విజయనగరంలో ఒక లాయర్‌కి ఆ కాగితం చూపించండి. ఏ వాక్యం ఎలా ఉండాలో ఆయన చెప్తారు. ఖర్చు గురించి ఆలోచిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. ఆ కుర్రాడికైతే ఆ నంబర్ మీరే ఇవ్వండి. అతని లాయరూ మీ లాయరూ ఒకరే కాకూడదు.

బావగారి సంగతి. ఆయన మీకు రెండు లక్షలిచ్చి మేలు చేశారు, అది నిజం. తొంభై వేలు ఇంకా బాకీ ఉంది, అదీ నిజం. మీ ఆవిడ గాజులు తీసి పెట్టడంలో కోపం ఉంది, అభిమానం ఉంది, కానీ తొందరపడి అమ్మకండి. అప్పు ఒక లెక్క, పార్సిల్ ఇంకో లెక్క. ఈ రెండిటినీ ఒక పద్దులో రాసింది ఆయన కాదు, మీరే. 'ఆయన నోరు తెరిచి అప్పు మాట ఎత్తలేదు గానీ నాకు వినిపించింది' అని రాశారు చూడండి, అక్కడే అనుకున్నాను. ఇప్పుడు గాజులు అమ్మి తీర్చేస్తే, అప్పు కోసమే తప్పు చేశానని ఇద్దరూ జీవితాంతం నమ్ముతారు. నెలనెలా ఎలా తీరుస్తున్నారో అలాగే తీర్చండి. కౌంటర్ ఆగిపోతే వాయిదా తగ్గుతుందని ముందే చెప్పండి. ఒక నోటు కూడా రాసుకోండి, అది అవమానం కాదు.

ఆయనతో మాట్లాడేటప్పుడు తుపాకీతో మొదలుపెట్టకండి, పిల్లాడితో మొదలుపెట్టండి. ఈ ఆట సిగ్గుపడి దాచుకోవాల్సింది కాదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం కొట్టింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. 2012లో లండన్‌లో, మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఇందులోనే. 1951 నుంచి దేశంలో దీనికో జాతీయ రైఫిల్ సంఘం ఉంది, రాష్ట్రాల్లో సంఘాలున్నాయి. అంత బాహాటమైన ఆటకి వాడే వస్తువుని వీణ అని రాయించి, ఆయన తన కొడుకు తుపాకీని దొంగసొత్తులా మార్చేశారు. 'నా కొడుకు ఆట పాడైపోతాది' అని ఏడుస్తున్న మీ అప్పకి ఈ మాట అర్థమవుతుంది. ఆవిడతో ముందు మాట్లాడితే ఇంకా మంచిది. తప్పుడు బుకింగ్ వ్యవహారం పోలీసుల దాకా వెళ్తే మేనల్లుడి పేరు, పార్సిల్ అందుకోవాల్సిన మనిషిగా, అందులో ఉంటుంది.

రైఫిల్ తిరిగి చేతికొచ్చాక పిల్లాడికి ఎలా చేర్చాలి? నన్నడిగితే అన్నిటికంటే తేలిక దారి, మీ బావగారు స్వయంగా పట్టుకెళ్లడం. విజయనగరంలో సికింద్రాబాద్ వైపు వెళ్లే ఫలక్‌నుమా ఉంది, విశాఖ ఎక్స్‌ప్రెస్ ఉంది, ఒక రాత్రి ప్రయాణం. సిలిండర్ గాలి తీసేసి, విప్పి, విడిగా పెట్టాలి. గాలి తీయడం ఇంట్లో స్పానర్‌తో చేసే పని కాదు, విశాఖలో అమ్మినతని చేత గానీ షూటింగ్ నేర్పే రేంజ్‌లో గానీ తీయించాలి. రైఫిల్ తాళం వేసిన పెట్టెలో, పెల్లెట్లు వేరే సంచిలో. ఆ పెట్టెని పై బెర్త్ మీద కాదు, బెర్త్ కింద పెట్టాలి. బిల్లు, అమ్మకం కాగితం, అబ్బాయి గుర్తింపు కార్డు కాపీ, కోచ్ ఇచ్చిన ఉత్తరం ఒక ఫైల్‌లో ఉంచుకోవాలి. రైల్వే పోలీసులు ఏమిటని అడిగితే 'ఎయిర్ రైఫిల్, షూటింగ్ పోటీకి' అని చెప్పి తాళం తీసి చూపించాలి. తోటి ప్రయాణికులకి చూపించి మురిసిపోకూడదు. మీ బావగారి స్వభావం మీరు రాసినదాన్ని బట్టి ఈ చివరి మాట ప్రత్యేకంగా చెప్తున్నాను.

విమానంలో వెళ్లే ఆటగాళ్లు క్యాబిన్‌లో కాకుండా చెకిన్ లగేజీలో, ముందుగా ఎయిర్‌లైన్స్‌కి చెప్పి, కౌంటర్లో ప్రకటించి తీసుకెళ్తారు. ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి, కాబట్టి టికెట్ కొనకముందే రాతపూర్వకంగా అడగాలి. ఎయిర్‌పోర్టుకి మూడు గంటలు ముందు వెళ్లాలి. సిలిండర్ విషయంలో వాళ్లు ఒప్పుకోకపోతే అక్కడ వాదించి లాభం లేదు. మొదటిసారి వెళ్లేవాళ్లకి రైలే నయం.

ఇంకో దారి, ఆయుధాల డీలర్ ద్వారా రోడ్డు రవాణా. డీలర్ తన బిల్లు మీద, వస్తువు అసలు పేరు రాసి, దాన్ని తీసుకోవడానికి ఒప్పుకున్న ట్రాన్స్‌పోర్ట్‌కి ఇస్తాడు. డబ్బు ఎక్కువ, రోజులు ఎక్కువ. నెలలో పోటీ అంటున్నారు, సమయం సరిపోకపోవచ్చు. ఇవేవీ కుదరకపోతే ఈసారికి అబ్బాయి నేర్చుకునే చోట క్లబ్ రైఫిల్ ఇమ్మని కోచ్‌ని అడగొచ్చు. కొత్త రైఫిల్‌లో భుజానికి ఆనించే బట్‌ని, గురిచూసే భాగాన్ని తన ఒంటికి సరిపెట్టుకోవడానికే ఆటగాళ్లకి కొన్ని వారాలు పడుతుంది. చేతికి అలవాటైన పాతదానితో ఆడితే వాడికి నష్టం కంటే లాభమే ఉండొచ్చు. మీ అప్పకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మామిడి తోట ఆయన విషయంలో నేను అంత నిదానంగా చెప్పలేను. ఆ పార్సిల్ మీ కౌంటర్ అడ్రస్‌కి రానివ్వకండి. ఆర్డర్ రద్దు చేయమనండి, లేదా తన ఇంటి అడ్రస్ ఇచ్చుకోమనండి. ఆయన '5.5' అన్నాడని రాశారు. అది .22, అంటే 4.5 దాటింది, దానికి లైసెన్స్ కావాలి, ఇచ్చేది జిల్లా కలెక్టర్ ఆఫీసు. కోతులకీ పిట్టలకీ అంటున్నాడు కదా, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒకటుందని కూడా ఆయనకి గుర్తుచేయండి. పక్క శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురంలో జనం తమ చింతచెట్ల మీద గూళ్లు కట్టుకున్న కొంగల్ని ఆడపడుచుల్లా చూసుకుంటారు. మన వైపు పిట్టల తుపాకీకి కౌంటర్ అడ్రస్ వెతుక్కుంటున్నారు. తోటకి వల వేయించుకోమనండి, లేదా డప్పు కొట్టించమనండి. ఇంట్లో తెలియకూడదన్న వస్తువుకి మీరు గుమ్మం కావడం ఎందుకు?

వీణలవాళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి. పనస దుంగ ఒకటే తెచ్చి, కుండ, దండి, యాళి అంతా అందులోంచే తొలిచి ఏకాండి వీణ చేసేవాళ్లు వాళ్లు. ఆ వీణ ఏ ఊరి హబ్‌లోనో చేతులు పెట్టి తిప్పి చూస్తుంటే వాళ్లకి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పగిలిన బుర్ర ఖర్చు మీది. బేరం ఆడకండి. హబ్‌లో అనుమానం పోయేదాకా వీణ పెట్టెకి ఒక పక్క పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీ పెట్టించి, లోపలి ఫొటో ఒకటి పైన అతికించి పంపితే విప్పే అవసరం కొంత తగ్గుతుంది. మా రోజుల్లో మేము ఇలాగే గుడ్డ కుట్టు ఒక చోట వదులుగా ఉంచమనేవాళ్లం, చూసి మళ్లీ కుట్టడానికి. ఎందుకు ఇదంతా అని వాళ్లడిగితే నిజం చెప్పండి. కోప్పడతారు. కొందరు వేరే కౌంటర్‌కి వెళ్లిపోతారు కూడా.

మెయిల్ వచ్చి మూడు రోజులైందని రాశారు, ఉత్తరం నాకు చేరడానికి ఇంకో రోజు పట్టింది. ఇది అచ్చయ్యేదాకా ఆగకుండా మీరిచ్చిన నంబర్‌కి నిన్న రాత్రే ఈ సమాధానం పంపించాను. మూడు రోజులున్నాయి. రేపు పొద్దున్న షట్టర్ ఎత్తగానే బిల్లుల కోసం బావగారికి ఫోన్ చేయకండి, అది మధ్యాహ్నం చేయొచ్చు. ముందు ఆ కుర్రాడిని కూర్చోబెట్టి, టీ తెప్పించి, కంపెనీ మెయిల్ మొత్తం తెలుగులో చదివి వినిపించండి. అతని పేరు అందులో ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. తొమ్మిది పేజీల్లో ఎక్కడా అతనికి ఈ సంగతి చెప్పినట్టు మీరు రాయలేదు.